ఎవరికి ఎక్కువ

మా ఊరిని ఏడుస్తున్నవాళ్ళు ఏలుతారు. వెటకారానికి అనడం లేదు, మా పద్ధతే అది. ఎవరింట్లో చావు జరిగితే ఆ ఇంటి నుంచి ఒకరు వెళ్ళి, బస్టాండు పక్కనున్న రెండు గదుల ఇంట్లో కుర్చీలో కూర్చుంటారు. మరో ఇంట్లో మరో చావు జరిగేదాకా ఊరి మంచీ చెడ్డా వాళ్ళదే. గోడ తగాదాలు, కుళాయిల వంతులు, బడికి మేష్టర్ని వెయ్యడం, దొంగకి శిక్ష వెయ్యడం, అన్నీ. కొత్తగా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి ఇంకేమీ అక్కర్లేదు కాబట్టి లంచాలకి లొంగరనీ, పొగడ్తలకి పొంగిపోరనీ, అబద్ధం ఆడే ఓపికే ఉండదనీ మా పెద్దల నమ్మకం. చుట్టుపక్కల ఊళ్ళలో ఓట్లు వేసుకుంటారు. ఒక చోట చీట్లు తీస్తారు. ఇంకో చోట మనుషుల్ని కాటాలో తూచి బాగా బరువున్నవాణ్ణి కూర్చోబెడతారని మా తాళాల బాబాయి చెబుతాడు గానీ ఆయన మాటల్లో సగం కొట్టేయాలి. బయటివాళ్ళు మా పద్ధతి విని నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ రోడ్లు నేను చూశాను.

ఇంట్లో ఎవరు వెళ్ళాలో తేల్చడానికి ఒకటే ప్రశ్న. అప్పటిదాకా కుర్చీలో ఉన్న మనిషి చావింటికి వచ్చి, గుమ్మం దాటకుండా బయటే నిలబడి, "ఎవరికి ఎక్కువ?" అని అడుగుతారు. ఎవరి దుఃఖం ఎక్కువో వాళ్ళు "నాకే" అనాలి. ఇంటివాళ్ళే అవ్వాలని కూడా లేదు. సైకిళ్ళ షాపాయన పోయినప్పుడు ముగ్గురు కొడుకులూ మొహమొహాలు చూసుకుంటుంటే, చివరికి పంచర్లు వేసే పనివాడు కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. బాగానే ఏలాడు కూడా. ఒక్కోసారి ఇద్దరు "నాకే" అంటారు. అప్పుడు తేల్చేది ఆ ప్రశ్న అడిగిన మనిషే.

నాది బస్సులు తిరిగే రోడ్డు మీద అద్దాల కొట్టు. కిటికీలకీ, బీరువాలకీ, ఫోటోలకీ అద్దం కోసి బిగిస్తాను. మా ఆవిడ ఆ రోడ్డు మీదే తిరిగే బస్సులో కండక్టరు. ఊరంతా కండక్టరమ్మ అనే పిలుస్తారు. ఆ గొంతు అలాంటిలాంటిది కాదు. బస్సు మలుపు తిరగకముందే "ముందుకి జరగండి" అన్న కేక మా కొట్లో అద్దాలకి తెలిసేది. పొద్దున్నే వెళితే దీపాలు పెట్టే వేళకి గానీ ఇంటికొచ్చేది కాదు. ఇల్లు కొట్టు వెనకే కాబట్టి, మా పాప నా దగ్గరా మా నాన్న దగ్గరా పెరిగింది.

బస్సు మా కొట్టు ముందు నుంచి ఎన్నిసార్లు వెళితే అన్నిసార్లూ మా ఆవిడ మెట్టు మీద నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, "పాప తిందా?" అని అరిచేది. నేను చేతిలో పని ఆపకుండా "తింది" అనేవాణ్ణి. పాప తిన్నా అదే మాట, తినకుండా తాతని ఇల్లంతా పరిగెత్తిస్తున్నా అదే మాట. డ్యూటీలో ఉన్న మనిషికి బెంగ ఎందుకు పెట్టాలి? కొన్నాళ్ళకి బస్సులో జనమే నాకంటే ముందు "తిందమ్మా, తింది, ఇక పోనివ్వు" అనడం మొదలుపెట్టారు.

మా నాన్న చాలాకాలం సెలూన్ నడిపి, చేతులు వణకడం మొదలయ్యాక మానేసిన మనిషి. బతుకంతా జుట్టు కత్తిరించడమే గానీ అల్లడం తెలియదు. కోడలి ఎదురుగా కూర్చుని, తాడు ముక్కల మీద సాధన చేసి, మనవరాలికి రెండు జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. ఒకటి చెవి పైకీ ఒకటి చెవి కిందకీ వచ్చేది. పాప ఆ వంకర జడలతోనే వీధంతా ఊరేగేది. సెలవురోజున వాళ్ళమ్మ సమానంగా వేస్తే "తాత జడలే కావాలి" అని విప్పేసుకునేది. మామా కోడళ్ళిద్దరూ ఒక జట్టు. నా మీద చాడీలు చెప్పుకోవడానికి వాళ్ళకి ఒకరికొకరు తప్ప ఎవరూ అక్కర్లేదు.

ఆ వానాకాలం పాపకి జ్వరం వచ్చింది. ఊళ్ళో చాలామంది పిల్లలకి వచ్చింది, తగ్గింది. మా పాపకి తగ్గలేదు. అంతకంటే నేను రాయలేను.

అప్పుడు కుర్చీలో ఉన్నది బళ్ళో గంట కొట్టే ప్యూను. భార్య పోయి కూర్చున్నాడు. మా గుమ్మం బయట నిలబడి, ఆయన కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే, అడగాల్సింది అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ "నాకే" అంది. కన్నతల్లి, ఎవరు కాదంటారు? అందరూ తలలు ఊపారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పాప నా కొట్లోనే కదా ఉండేది, నాకేం తక్కువని అనుకున్నాను. అంత దుఃఖంలోనూ మనిషి వాటా కోసం చూస్తాడు.

మా ఆవిడ టికెట్ల సంచిని మేకుకి తగిలించింది. దాని పక్క మేకుకి పాప పసుపు గౌను వేలాడుతోంది. కట్టుబట్టలతో బయల్దేరి, వీధి చివర తిరిగేదాకా వెనక్కి చూడలేదు. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందిలే అని నేనూ నాన్నా ఒకరికొకరం చెప్పుకున్నాం. మా ఊళ్ళో కుర్చీ ఎవరి కిందా వేడెక్కదు. ఈ వీధిలో కాకపోతే ఆ వీధిలో ఎవరో ఒకరు పోతూనే ఉండేవారు.

కుర్చీలో ఉన్నంతకాలం ఆ మనిషి ఇంటికి రాకూడదు. ఇంటివాళ్ళు చూడాలంటే అందరితోపాటు వరసలో నిలబడాలి. సొంతవాళ్ళకి ఎక్కడ పక్షపాతం చూపిస్తారోనని పెట్టిన నియమం. నా పెళ్ళాంతో నాలుగు మాటలు మాట్లాడడానికి, మురుగుకాలవ గొడవ మీద వచ్చినవాడి వెనకా, గొడుగు పోయిందని వచ్చిన ముసలావిడ వెనకా నిలబడేవాణ్ణి. నా వంతు వచ్చాక, అందరినీ అడిగినట్టే నన్నూ "ఏం కావాలి?" అని అడిగేది. చూసి పోదామని వచ్చానంటే, చూశారుగా అనేది. వెనకాలవాళ్ళు నవ్వు ఆపుకునేవారు. నేనూ నవ్వేసి వచ్చేవాణ్ణి. ఇంకేం చెయ్యను?

కూర్చోగానే ఆమె చేసిన మొదటి పని నీళ్ళ ట్యాంకు ఖాళీ చేయించడం. జ్వరాలన్నీ ఆ నీళ్ళ వల్లేనని డాక్టరు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాడు. కుర్చీలోకి వచ్చినవాళ్ళంతా సరే చూద్దాం అనడం, చూసేలోగా కుర్చీ మారిపోవడం. మా ఆవిడ తనే ట్యాంకు మెట్లెక్కి, చివరి బకెట్టు పైకి వచ్చేదాకా అక్కడే నిలబడింది. అడుగున ఏం దొరికాయో మా ఊరివాళ్ళు అన్నం ముందు కూర్చుని మాట్లాడుకోరు. పాచి పట్టిన పైపులన్నీ పీకించింది. ఒక బస్సు రాత్రీ పగలూ ఆస్పత్రి పని మీదే ఉండాలంది. మలుపు దగ్గర లారీలు వేగం తగ్గించేలా గట్లు పోయించింది. ముసలివాళ్ళున్న ప్రతి ఇంటికీ నర్సు వెళ్ళి చూసి రావాలంది. బస్సులో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవరికి ఎక్కడ బ్రేకు వేయించాలో తెలిసిన మనిషి. ఊరిని కూడా అలాగే సర్దింది.

దాంతో ఊళ్ళో చావులు ఆగిపోయాయి.

చెబితే నమ్మరు. వానలు వెనకబడ్డాయి, చలి వచ్చింది, పోయింది. ఎండలు ముదిరాయి. ఒక్కరు పోలేదు. పడిపోయినవాళ్ళు లేచారు, దగ్గేవాళ్ళకి దగ్గు తగ్గింది, ఇవాళో రేపో అన్నవాళ్ళు మంచం మీద కూర్చుని కాఫీ అడుగుతున్నారు. జనం మా ఆవిడని నెత్తిన పెట్టుకున్నారు. కండక్టరమ్మ ఉండగా మనకేం కాదని కొట్టుకి వచ్చిన ప్రతివాడూ నాకు చెప్పేవాడు, అదేదో నాకు శుభవార్త అయినట్టు. అద్దం కొలత రాసుకుంటూ నేను పళ్ళు కొరుక్కునేవాణ్ణి. ఆమె ఎంత బాగా ఏలితే మా ఇంటికి అంత దూరమవుతోంది. ఆ సంగతి ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదు. తట్టినా నోరు మెదపలేదు.

నాలో ఇంకో జబ్బు మొదలైంది. రోడ్డు మీద వెళ్ళే ముసలివాళ్ళని తేరిపార చూసేవాణ్ణి. ఫలానా వాళ్ళ నడక తగ్గిందే అనుకునేవాణ్ణి. టైలరు తల్లికి బాగా లేదని తెలిసి చూడబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నీ భార్య పంపిన నర్సు వల్లే లేచి కూర్చున్నాను నాయనా, ఆ తల్లి చల్లగా ఉండాలి అంది. సంతోషం అన్నాను. ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని నా తలకాయ నేనే మొత్తుకున్నాను. ఒక మంచి మనిషి చావలేదని బాధపడే స్థితికి వచ్చానే అని సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికీ మర్నాడు మళ్ళీ చూస్తూనే ఉన్నాను.

ఒకసారి గాలివానకి కుర్చీ గదిలో కిటికీ అద్దం పగిలిందని కబురొచ్చింది. పనివాడిగా వెళితే వరసలో నిలబడక్కర్లేదు. పాత పుట్టీ గీకి తీసి, చట్రం తుడిచి, అద్దం బిగిస్తున్నంతసేపూ ఆమె కుర్చీలోంచి చూస్తూనే ఉంది. బాగా చిక్కిపోయింది. అంత గొంతున్న మనిషి మెల్లగా, పాప గౌను మేకుకే ఉందా అని అడిగింది. ఉందన్నాను. తియ్యకండి అంది. తియ్యనులే, నువ్వొచ్చాక నువ్వే తీద్దువు గాని అన్నాను. ఆ మాటకి ఆమె చూపు తిప్పుకుంది. నేను పుట్టీ నొక్కుతూ, పనిలో పడి పట్టించుకోలేదు.

ఎండాకాలం చివర్లో మా నాన్నకి ఆయాసం ఎక్కువైంది. నర్సు రోజూ వచ్చేది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, గుండె అలిసిపోయింది, దీనికి ట్యాంకు కడిగితే లాభం లేదన్నాడు. నాన్నకి చెప్పకుండా దాచాలని చూశాను గానీ ఆయన దగ్గర నా ఆటలు సాగవు. నా మొహం చూసే అంతా గ్రహించాడు. పైగా ఆయన మొహంలోనే ఏదో వెలుగు కనిపించింది. పడుకోకుండా దిండుకి ఆనుకుని కూర్చుని, నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"ఒరేయ్, నేను పోతే ఎవరికి ఎక్కువని అడుగుతారు. నువ్వు నాకే అంటావు. అమ్మాయి ఇంటికొస్తుంది, నువ్వు అక్కడికి పోతావు. మధ్య దారిలో ఎదురుపడి ఒకరికొకరు దండాలు పెట్టుకుంటారా?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఎవరో ఒకరు పోవాలని అంతకాలం ఎదురుచూశాను గానీ ఆ పోయేది మా ఇంటి మనిషైతే ఏమవుతుందో ఆలోచించలేదు. అలాంటి మాటలు ఇప్పుడెందుకు నాన్నా అన్నాను. ఇప్పుడు కాకపోతే పోయాక చెప్పనా అన్నాడు. తాళాల బాబాయిని పిలవమన్నాడు.

తాళాల బాబాయి మాకు చుట్టమేం కాదు. సెలూన్ పక్కన తాళంచెవులు చేసే కొట్టు ఆయనది. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో ఏ తాళమైనా తెరుస్తాను గానీ ఒక్క ఆడదాని మనసు తెరవలేకపోయానని తనే చెప్పుకుని నవ్వుతాడు. ఆయనా మా నాన్నా ఊహ తెలిసినప్పటి నుంచి స్నేహితులు. ఒక ముక్క పోయిన పేకతో, పోయిన ముక్క ఎవరి చేతిలో ఉందోనని పందెం కాసుకుంటూ రోజూ ఆడతారు. మా నాన్న సంగతంతా చెప్పి, నేను పోయినప్పుడు ముందుకొచ్చి నాకే అనరా అన్నాడు. బాబాయి కాసేపు పేకముక్కలు కలుపుతూ కూర్చున్నాడు. నువ్వు పోతే నాకు ఏడుపు రాదురా, నీ బాకీ ఆటలన్నీ గెలిచేసినట్టే అన్నాడు. రాకపోతే తెచ్చుకో, ముసలి వెధవా అన్నాడు మా నాన్న. బాబాయి మొహం అష్టవంకర్లు తిప్పి ఏడ్చి చూపించాడు. మేం ముగ్గురం నవ్వాం. మా నాన్నకి నవ్వితే దగ్గొచ్చి, అది తగ్గేసరికి చాలాసేపు పట్టింది.

అప్పటి నుంచి ఆ ఇద్దరికీ అదే ఆట. బాబాయి గుమ్మంలోంచి ఏడుస్తూ వచ్చేవాడు. చాల్లేదు, ఇంకాస్త అని మా నాన్న మంచం మీద నుంచి పురమాయించేవాడు. ఒకసారి మేమిద్దరమే ఉన్నప్పుడు నాన్న నాతో, "అమ్మాయి వచ్చాక ఆ గౌను మీరిద్దరూ కలిసి తియ్యండి. ఒక్కళ్ళే తియ్యకండి" అన్నాడు. నేను సరేనన్నాను. ఆయనంటే నాకెంత ఇష్టమో ఆ రోజు చెప్పవలసింది. ఏదో మాత్రల వేళయిందని లేచి వెళ్ళాను.

మా నాన్న ఒక మధ్యాహ్నం, నేను కొట్లో నిలువుటద్దం కోస్తుండగా పోయాడు. అద్దం మీద గీత గీశాను. విరిచేలోగా బాబాయి లోపలి నుంచి నన్ను పిలిచాడు. పిలుపులోనే తెలిసిపోయింది. గీసిన అద్దాన్ని అలాగే బల్ల మీద వదిలేసి లోపలికి వెళ్ళాను. పేకముక్కలు దుప్పటి మీద ఉన్నాయి. నాన్న చేతిలో ముక్కలు అలాగే ఉన్నాయి. బాబాయి వాటిని తిప్పి చూడకుండా తీసి, కలిపి, డబ్బాలో పెట్టాడు.

దాచడమెందుకు, నాకు ఏడుపు రాలేదు. నాన్నని పడుకోబెట్టి, దుప్పటి సర్ది, ఇల్లు ఊడ్చాను. గడప కడిగాను. మా ఆవిడ స్టీలు గ్లాసు తీసి తోమాను. ఆమె వస్తుంది. రేపటి నుంచి ఈ గ్లాసులో కాఫీ తాగుతుంది. నా తండ్రి శవం పక్కన నేను చేసిన ఆలోచన అది.

సాయంత్రానికి వీధంతా నిండిపోయింది. జనం ముఖాల్లో మా నాన్న పోయిన బాధ ఉంది, దానికి మించి కండక్టరమ్మ దిగిపోతుందన్న దిగులుంది. ఆమె నడిచి వచ్చింది. దారిచ్చారు. మా గుమ్మం బయట, నేను కడిగిన గడపకి అవతల నిలబడింది. వెళ్ళాక మళ్ళీ మా ఇల్లు చూడడం అదే మొదటిసారి. కళ్ళు ముందు మేకు దగ్గరికి వెళ్ళాయి. సంచీ, గౌనూ ఎక్కడివక్కడే ఉన్నాయి. తర్వాత మంచం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరికి ఎక్కువ?" అంది.

తాళాల బాబాయి లేచాడు. అన్నాళ్ళూ సాధన చేసిన ఏడుపు ఒక్కటీ ఏడవలేదు. గోడ పట్టుకున్నాడు. ఆ ముసలాయన భుజాలు ఎలా ఊగిపోయాయో చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. నాటకానికి ఒప్పుకున్న మనిషికి నిజం ఏడుపు ముంచుకొచ్చింది. "నాకే" అన్నాడు ఎలాగో. మా ముగ్గురి పథకంలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేకుండా పోయింది. అందరూ తలలు ఊపారు. ఆమె "సరే" అంటే అయిపోతుంది. గడప దాటి లోపలికి వస్తుంది. నా కాళ్ళు అప్పుడే ముందుకి కదిలాయి.

ఆమె "నాకే" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. అడిగిన మనిషే జవాబు చెప్పడం మా ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు. ఆమె గడప అవతలే కింద కూర్చుండిపోయింది. కూర్చుని, రెండు చేతులతో గడప పట్టుకుని, మావయ్యా అని ఒక్క పిలుపు పిలిచింది. బస్సు మలుపు అవతలికి వినిపించే ఆ గొంతు అంతకాలం ఎక్కడ దాక్కుందో, అప్పుడు బయటికొచ్చింది. పాప పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

కాసేపయ్యాక తల ఎత్తి, "బాబాయికి స్నేహితుడు పోయాడు. నాకు..." అంది.

ఇద్దరన్నప్పుడు తేల్చేది అడిగిన మనిషే. మరి అడిగిన మనిషే ఆ ఇద్దరిలో ఒకరైతే ఎవరు తేల్చాలో మా పెద్దలు చెప్పి పోలేదు. జనం కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. బాబాయి నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ఆయన దగ్గరికి వచ్చిన తాళం ఏదైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. అలాగే తల వంచి ఆమె ఏడుపు విన్నాడు. "అమ్మాయికే ఎక్కువ. నాది పేకాట వరకే" అని వెనక్కి జరిగాడు. వీధిలో చాలామంది ఒక్కసారిగా ఊపిరి వదిలారు. వాళ్ళ కండక్టరమ్మ వాళ్ళకి మిగిలింది. నా ఇంట్లో శవం ఉండగా, వాళ్ళు లోలోపల సంతోషించడం నేను కళ్ళారా చూశాను. ఆ రోజు నుంచి వాళ్ళలో కొందరికి నేను అద్దం కొయ్యడం మానేశాను.

కార్యక్రమాలన్నీ అయ్యాక కుర్చీ ఇంటికి వెళ్ళి వరసలో నిలబడ్డాను. ఒళ్ళు మండిపోతోంది. ఏమేం అడగాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాను. నా ముందు ఇద్దరు అన్నదమ్ములు ఉమ్మడి గోడలో కిటికీ పెట్టడం గురించి కొట్టుకుంటున్నారు. కిటికీ పెట్టుకోండి గానీ అద్దం గరుకుది వేయించండి, వెలుతురు ఇద్దరికీ వస్తుంది, ఎవరి గుట్టు వాళ్ళకుంటుంది అని తేల్చింది. వాళ్ళు వెళ్ళారు. నా వంతు వచ్చింది.

"ఏం కావాలి?"

"మా ఆవిడ కావాలి" అన్నాను.

నా వెనకాల ఎవరూ నవ్వలేదు. బాబాయి నిజంగానే ఏడ్చాడు కదా, సరే అంటే నీ సొమ్మేం పోయింది, ఇంటికి రావాలని లేదా అని గట్టిగానే అడిగాను. ఆమె నేను బిగించిన కిటికీ అద్దం వైపు తిరిగింది. తర్వాత చెప్పింది. అందరూ వింటున్నారని కూడా చూసుకోలేదు.

"ఇక్కడ కూర్చుంటే డ్యూటీలో ఉన్నట్టుంటుందండీ. నేను డ్యూటీలో ఉన్నానంటే పాప ఇంట్లో ఉన్నట్టే. మావయ్య జడలు వేస్తూ ఉంటాడు. మీరు కొట్లోంచి ఓ కన్నేసి ఉంచుతారు. నేను దిగి ఇంటికొచ్చానంటే పాప లేదు. మావయ్య కూడా లేడు."

"మరి నేను?"

"మీరు ఇంట్లోనే ఉండాలి. మీరు కూడా ఇటొచ్చేస్తే పాప దగ్గర ఎవరుంటారు?"

కోపంతో వెళ్ళినవాణ్ణి, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరి మీద పడాలి? కొత్తగా పోగొట్టుకున్నవాళ్ళకి ఇంకేమీ అక్కర్లేదన్న మా పెద్దల మీదా? వాళ్ళు చెప్పింది నిజమే. ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు. ఇల్లూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. పోయిన పిల్ల ఇంట్లో ఉందనుకోవడానికి ఒక కుర్చీ ఉంటే చాలు. దాంతో ఊరు బాగుపడుతోంది, నీళ్ళు శుభ్రంగా వస్తున్నాయి, పిల్లలు బతుకుతున్నారు. నేనేమని అడ్డం పడను? నా వెనక చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి ఎవరో నిలబడి ఉంది. ఆ పిల్ల నా చొక్కా పట్టుకుని లాగుతోంది. మెల్లగా వేళ్ళు విడిపించి పక్కకి తప్పుకున్నాను.

ఇంటికొచ్చి గౌను ముందు నిలబడ్డాను. ఇద్దరూ కలిసి తియ్యండి అన్నాడు నాన్న. అందుకని తియ్యలేదు. బల్ల మీద గీత గీసి వదిలేసిన నిలువుటద్దం అలాగే ఉంది. గీసిన వెంటనే విరవాలి, ఆలస్యమైతే గీత దారిలో విరగదు. విరిస్తే వంకరగా పగిలింది. ముక్కలు ఏరుతూ ఏడ్చాను. నాన్న కోసం ఏడ్చానో, పాప కోసమో, ఆవిడ కోసమో నాకు తెలియదు. నన్నెవరూ అడగలేదు కూడా.

తర్వాత ఎన్నాళ్ళో వెళ్ళలేదు. తాళాల బాబాయి వచ్చి, నాన్న మంచం మీద కూర్చుని ఒంటరిగా పేక పరుచుకునేవాడు. ఒకరోజు ముక్కల్లోంచి తలెత్తకుండానే, "వెళ్ళరా. అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు.

వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. నా ముందున్నవాళ్ళలో చాలామంది ఆ బస్సులో రోజూ తిరిగినవాళ్ళే. నా వంతు వచ్చింది. ఆమె నన్ను చూసింది. ఏం కావాలి అని అడగలేదు. కుర్చీ చెయ్యిని ఒక చేత్తో పట్టుకుని, కొంచెం ముందుకి వంగింది.

"పాప తిందా?" అంది.

మెట్టు మీద నిలబడి అరిచిన గొంతు కాదది, నాకు మాత్రమే వినిపించేంత చిన్న గొంతు. నా మొహంలోకే చూస్తోంది.

"తింది" అన్నాను.

ఆమె తల ఊపి, కళ్ళు తుడుచుకుని, నా వెనకాల మనిషిని ఏం కావాలని అడిగింది.